ఒకసారి తడితే ఉండమని

“గార్డు చేసే పనేముంది? వెనక పెట్టెలో కూర్చుని జెండా ఊపడమే కదా. దానికో మనిషి, దానికో జీతం, మళ్ళీ దానికో సమ్మె!”

ఈ మాట అన్నవాడి మొహం నాకు ఇంకా గుర్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీపున సంచి తగిలించుకుని, ఆడవాళ్ళ పెట్టె అని కూడా చూడకుండా ఎక్కి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. మా పాసింజరు రేణిగుంట బయట సిగ్నలు దగ్గర నిలిచిపోయి ఉంది. గార్డులూ డ్రైవర్లూ సమ్మె మొదలుపెట్టిన పొద్దు అది. సమ్మె అంటే బండ్లు వదిలేసి ఇళ్ళకు పోలేదు వాళ్ళు. అన్నం మానేసి పని చేశారు. డ్యూటీ గంటలు దాటాక మాత్రం ఇక బండి నడిపేది లేదన్నారు. పని అయినవాళ్ళు రేణిగుంట స్టేషను బయట పందిరి కింద కూర్చున్నారు. అందుకే బండ్లన్నీ ఆలస్యం.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఏమబ్బా, నువ్వు ఆపీసులో కుర్చీలో కూర్చోనే గదా జీతం తీసుకుంటా ఉండేది? నిన్నెవురన్నా అడిగినారా ఏం పని సేస్తా ఉండావని?” అన్నాను. పక్కనున్న అక్క నా కొంగు పట్టి లాగింది. “ఊరుకోమే. దోవన పోయే వానితో నీకేం పని?” అంది. అక్క ఎప్పుడూ అంతే. ఎవరు ఏమన్నా దులిపేసుకుంటుంది. నేను అట్లా కాదు. మా నాయన నన్ను మిరపకాయ అని పిలిచేవాడు, ఊరికే పిలవలేదు.

వాడికి ఆరోజు నేను చెప్పాల్సింది చాలా ఉంది. చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

వడమాలపేటకు ఇవతల మాదొక చిన్న హాల్టు. స్టేషను మాస్టరు లేడు, పోర్టరు లేడు. ఒక రేకుల గది, రెండు సిమెంటు బెంచీలు, ఒక వేపచెట్టు. ప్లాట్‌ఫారం అనేది పేరుకే, నేలకంటే జానెడు ఎత్తు. బండి ఎక్కాలంటే ఇనుప మెట్లు పట్టుకుని పైకి పాకాలి. కుర్రవాళ్ళు ఎగిరి ఎక్కేస్తారు. మా అక్క ఎగరలేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పుల్లలాగా అయిపోయింది. కుడికాలిని ఆమె “మంచి కాలు” అంటుంది. “మంచి కాలు నొస్తా ఉండాదే, కొంచెం నూనె రాయి” అనేది రాత్రుళ్ళు. ఇంటి బరువంతా ఆ ఒక్క కాలే మోసేది.

అక్క పూలమ్ముతుంది. మల్లెలు, కనకాంబరాలు, చామంతులు. ఊళ్ళో తోటల దగ్గర కొని, రాత్రి కూర్చుని కట్టి, పొద్దున్నే గంపలో తడిగుడ్డ కప్పి తిరుపతికి తీసుకుపోతుంది. “అలిపిరి కాడ జనం ఎక్కువ గదా, అక్కడ కూర్చోకూడదా?” అని తెలియనివాళ్ళు అడుగుతారు. కొండకు పోయేవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు కదా, అక్కడ ఎవరు కొంటారు? తిరుపతి ఊళ్ళో బజారు మూలనే ఆమె చోటు. పెళ్ళి కాలేదు, చేసుకోలేదు. ఆ గంపతోనే నన్ను చదివించింది. ఆ గంప ఆమె చేతిలో ఉన్నంతకాలం ఎవరినీ ఏమీ అడగనని అనేది. ఆ గంప తిరుపతికి చేరాలంటే మాకున్నది ఆ పొద్దుటి పాసింజరొకటే. బస్సువాళ్ళు గంప చూడగానే చెయ్యి అడ్డంగా ఊపి పోతారు. షేరాటోలో ముడుచుకుని కూర్చుంటే అక్క కాలు తిమ్మిరెక్కి దిగేటప్పుడు పడిపోతుంది.

నేను రేణిగుంటలో ఒక గోడౌన్లో పార్సిళ్ళు కట్టే పని చేస్తాను. కాబట్టి ఇద్దరం ఒకే బండి. మా పెట్టె అన్నిటికంటే చివరిది. కడపెట్టె అంటాం. అందులో సగం ఆడవాళ్ళకు, దాన్ని ఆనుకునే గార్డు గది. బండి ఆగేది ఊపిరి పీల్చి వదిలేంత సేపు. నేను ముందు ఎక్కుతాను. అక్క కింద నుంచి గంప అందిస్తుంది, నేను అందుకుంటాను. తర్వాత అక్క రెండు చేతులతో కమ్ములు పట్టుకుని, మంచి కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలిని వెనకాలే లాక్కుంటుంది.

ఇందులో మా ఊరి ఆడవాళ్ళ మర్యాద ఒకటుంది. గంప పైకి ఎక్కగానే అక్క పెట్టె ఒంటిని అరచేత్తో ఒకసారి తడుతుంది. దబ్. ఒకటంటే ఉండమని. ఇంకా నేను ఎక్కలేదు అని. పైకి ఎక్కి నిలబడ్డాక బయటకు చెయ్యి చాపి రెండుసార్లు తడుతుంది. దబ్ దబ్. రెండంటే రైటు. బస్సు కండక్టర్లు కొడతారే, అదే. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. రైల్వే వాళ్ళ పుస్తకంలో ఇది ఉండదు. గార్డు దీన్ని బట్టి జెండా ఊపడు, ఆయన కళ్ళతో చూసే ఊపుతాడు. అయినా తల బయటకు పెట్టి, అక్క ఎక్కేదాకా చూసి, ఆ రెండు దెబ్బలూ విన్నాక నవ్వుతూ “రైటా తల్లీ?” అని అడిగేవాడు. “రైటన్నా!” అని పెట్టెలో ఉన్న ఆడవాళ్ళందరం అరిచేవాళ్ళం. అప్పుడు పచ్చజెండా.

ఆయన చిత్తూరు మనిషి. పొట్టిగా, నుదుటి మీద విభూతితో ఉంటాడు. మాటలో సగం తమిళం దొర్లుతుంది. వేరే గార్డులు కూడా వచ్చేవాళ్ళు కానీ ఎక్కువగా ఆయనే. ఎండ కంట్లో పడితే అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసేవాడు. ఒకసారి అక్క చీర కుచ్చిళ్ళు మెట్టుకు చిక్కుకుంటే ఆయనే దిగి వచ్చి విడిపించాడు. ముందు నుంచి డ్రైవరు హారన్ కొడుతుంటే, “కొట్టుకోనీలేమ్మా, నిదానంగా ఎక్కు” అన్నాడు.

ఆ సమ్మె పొద్దున బండి ఎట్లాగో రేణిగుంటకు చేరింది. అక్కడితో సరి, ముందుకు పోదన్నారు. బయటకు వస్తే పందిరి కింద ఆయన కూర్చుని ఉన్నాడు, పెదాలు ఎండిపోయి. మమ్మల్ని చూసి లేచి వచ్చాడు.

“గూడ్సు బండ్లకు ఇప్పటికే మమ్మల్ని తీసేస్తా ఉండారమ్మా. కడాన ఎర్రంగా మిణుకు మిణుకుమనే డబ్బా ఒకటి తగిలించి పంపిస్తా ఉండారు. రేపు మీ బండికీ అంతేనంట. డ్రైవరు ముందర టీవీ మాదిరి ఒకటి పెడతారంట. ఆయప్పే సూసుకోవాల, ఆయప్పే తీయాల” అన్నాడు.

“మరి నువ్వు?” అంది అక్క.

“నేనేమి! ఇప్పుడు నేను గార్డు గూడా గాదు సూడమ్మా. ట్రైన్ మేనేజరంట. పేరు పెద్దది సేసినప్పుడే అనుకుంటి, మనిషికి ఎసరు పెట్టినారని.” తర్వాత కొంచెం తగ్గి అడిగాడు. “నువ్వొక్క మాట సెప్పమ్మా మైకులో. మేం సెప్తే ఉద్యోగాల కోసం ఏడస్తా ఉండారంటారు. నీలాంటోళ్ళు సెప్తే ఇంటారు.”

అక్క నవ్వింది. “నాకెందుకన్నా అయన్నీ? నేను పూలమ్ముకునేదాన్ని. ఎండ ఎక్కతా ఉండాది, పూలు వాడిపోతాయి” అని గంప ఎత్తుకుంది. ఆయన మళ్ళీ అడగలేదు. గంప ఆటోలో పెట్టడానికి సాయం చేశాడు.

ఆ సమ్మెను ఎవడూ పట్టించుకోలేదు. టీవీలో ఒక నిమిషం చూపించారు, అదీ ప్రయాణికుల ఇబ్బందులు అని. మా ఇబ్బంది వాళ్ళకు అప్పుడు కనపడింది! కొన్నాళ్ళకు మా బండికే ముందు పరీక్షగా ఆ పద్ధతి పెడుతున్నామన్నారు. పెద్ద ఊళ్ళకు పోయే బండికి పెట్టలేదు. ఏసీ పెట్టెల్లో సార్లు పోయే బండికి పెట్టలేదు. పూలగంపలు, పాలక్యాన్లు, కూలి ఆడవాళ్ళు ఎక్కే బండికి పెట్టారు. పరీక్ష ఎవరి మీద చేయాలో వాళ్ళకు బాగా తెలుసు.

మొదటి రెండు రోజులూ ఎట్లాగో గడిచాయి. అక్క ఒకటి తట్టేది, నేను భయంతో గంప కింద పడేసినంత పని చేసి ఆమె చెయ్యి పట్టి లాగేదాన్ని. ఎక్కాక రెండు తట్టేది. ఎవరికి తడుతుందో ఆమెకే తెలియదు. వెనక గది అద్దం తలుపు మూసి ఉంది. అలవాటైన చెయ్యి కదా, ఊరుకోదు.

మూడోనాడు కూడా బండి ఎప్పటిలాగే వచ్చింది. నేను ఎక్కాను. చామంతుల కాలం, గంప బరువుగా ఉంది. రెండు చేతులా అందుకున్నాను. అక్క ఒకసారి తట్టింది. దబ్. కమ్ములు పట్టుకుంది. మంచి కాలు మెట్టు మీద పెట్టింది. బండి కదిలింది.

నా చేతుల్లో గంప ఉంది. నా తప్పంటారా? అనండి చూస్తాను. గంప వదిలేసి ముందుకు దూకాను. అప్పటికే ఆమె కాలు మెట్టు మీద నుంచి జారిపోయింది. చేతులు మాత్రం కమ్మిని వదల్లేదు. ఒక చెయ్యి కమ్మిని పట్టుకుని, రెండో చేత్తో పెట్టెను కొడుతోంది. దబదబదబదబ. “ఆపండప్పా! ఆపండి!” అని. నేను ఆమె జాకెట్టు పట్టుకున్నాను, అది చిరిగి నా చేతిలోకి వచ్చింది. లోపల ఎవరో గొలుసు లాగారు. బండి కీచుమని ఆగింది. చామంతులు పట్టాల దాకా చెల్లాచెదురుగా పడ్డాయి. అక్క కింద ఉంది. మంచి కాలు చక్రం కింద ఉంది.

డ్రైవరు ముందు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా వయసే ఉంటుంది. చూసి తల పట్టుకుని కంకర మీద కూలబడ్డాడు. “నాకు తెర మీద అంతా తెల్లంగా కనపడిందక్కా, ఎవురూ లేరనుకున్నా, ఎండ... ఎండ...” అంటూ ఏడ్చాడు. పొద్దుటెండ సూటిగా కడపెట్టెకు బిగించిన కెమెరాలో పడిందట. మనిషైతే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. కెమెరాకు చెయ్యేది? ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. ఆ చివర ఏం జరుగుతుందో ఈ చివర ఉండి చూడమన్న వాళ్ళ మీద ఉంది. వాళ్ళ నోట్లో మన్నుపడ.

తిరుపతి పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. స్పృహ వచ్చాక దుప్పటి మీద చేత్తో తడుముకుని, “ఏ కాలే?” అని అడిగింది. నేను చెప్పలేదు. నా మొహం చూసి తనే తెలుసుకుంది. “పుల్లకాలును మిగిల్చినారా” అని గోడవైపు తిరిగి పడుకుంది.

విచారణకని ఒక ఆఫీసరు వార్డుకు వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు, అదే నా కడుపు మంట. కసురుకునేవాడైతే ముందే జాగ్రత్తపడేదాన్ని. “అమ్మా, ఎలా ఉంది ఇప్పుడు? భోజనం చేశారా? ఆరోజు ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి” అన్నాడు. మా అక్కకు అబద్ధం రాదు. అంతా చెప్పింది. ఒకటి తట్టడం, రెండు తట్టడం, గార్డు రైటా అని అడగడం, అందరూ అరవడం, పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతూ చెబుతూ పాత సంగతులు గుర్తొచ్చి కొంచెం నవ్వింది కూడా.

ఆయన తల ఊపుతూ విన్నాడు. తర్వాత అడిగాడు. “బండి కదిలాక మీరు పెట్టెను చాలాసార్లు తట్టారు కదమ్మా? ఎండ తప్పుకున్నాక ఫుటేజీలో కనిపిస్తోంది.”

“తట్టినాను సార్.”

“ఒకసారి తడితే ఆగమని. రెండుసార్లు తడితే?”

“రైటు సార్.”

“అంటే పొమ్మని.”

“అవును సార్.”

“ఆరోజు ఒకసారి కంటే ఎక్కువే తట్టారు.”

అక్క బిత్తరపోయి చూసింది. అడిగినదానికి ఉన్నదే చెప్పింది కదా, ఎక్కడ తప్పిందో ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కుర్చీ వెనక్కి పడేలా లేచాను.

“ఏం సార్, ఏమడగతా ఉండావు నువ్వు? సచ్చిపోతా ఉండే మనిషి తలుపు కొడితే అది రైటా? లెక్కబెట్టుకోని కొట్టాలనా? ఒక్క దెబ్బ కొట్టి, బండి కింద పడి, ఇంక కొట్టకుండా మర్యాదగా పోవాలనా?”

“అమ్మా, ఇది ఆసుపత్రి...”

“తెలుసు సార్! కాలు తీసేసింది ఈడనే! ఆయమ్మ ఎవురికి తట్టింది? యినేదానికి ఎవురుండారు ఆ కడాన? ఎవురూ లేని గదికి రైటు సెప్పిందని రాసుకో. రాసుకో సార్!”

నర్సులు వచ్చి నన్ను బయటకు తోశారు. వరండాలో నిలబడి కూడా అరిచాను. థూ, ఏం మనుషులు! ఒక ఆడది ప్రాణం కోసం కొట్టిన దెబ్బల్ని సిగ్నలు కింద జమకట్టేశారు. చివరికి వాళ్ళు తేల్చింది కూడా అదే. ప్రమాదానికి కారణం ప్రయాణికులు తమకు అధికారం లేని సంకేతాలు ఇవ్వడం, కదిలే బండి ఎక్కబోవడం అని. కదిలే బండి ఎక్కబోయిందట! ఆమె ఆగిన బండే ఎక్కింది. బండే కదిలింది.

గార్డులు, డ్రైవర్లు మళ్ళీ పందిరి వేశారు. ఈసారి ఎక్కువమంది వచ్చారు, చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి కూడా. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి కొద్దిరోజులే అయింది. అక్క తనంతట తానే అడిగింది, “నన్ను ఆ పందిట్లోకి తీసకపోమే” అని. ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయాను. ఆమెను చూసి మా గార్డు మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. పెద్దమనిషి అంతమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్కే ఆయన్ని ఊరుకోబెట్టింది.

మైకు ఇచ్చారు. జీవితంలో మొదటిసారి పట్టుకుంది.

“గార్డు ఏం పని సేస్తాడని అడగతా ఉండారంట. నాకు వేరే పనులు తెలీదు. నన్ను సూసేవాడప్పా. నేను ఎక్కినానా లేదా అని సూసేవాడు. అదే ఆయన పని” అంది. మైకు నాకు ఇచ్చేసింది. నా చేతికి వచ్చాక నేను ఊరుకుంటానా? చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాస్తే అచ్చుకు పనికిరావు.

ఆ గొడవ పేపర్లకెక్కాక ఆ పద్ధతిని మా బండి నుంచి తీసేశారు. “తాత్కాలికంగా నిలిపివేశాం” అన్నారు. ఆ మాట నాకు పంటికింద రాయిలాగా ఉంది. తాత్కాలికంగా అంటే ఏమిటి? అందరూ మరిచిపోయేదాకా అనా? మళ్ళీ ఎవరి అక్కమీద పరీక్ష పెడతారు? మా హాల్టుకు మాత్రం ఒకటి శాశ్వతంగా చేశారు. రేకుల గది పక్కన కొత్తగా ఒక బోర్డు పాతారు. పసుపు రంగు మీద నల్లటి అక్షరాలు. “బోగీలను చేతితో తట్టరాదు. అతిక్రమించిన వారు శిక్షార్హులు.” మెట్లు ఎత్తు తగ్గించలేదు. ప్లాట్‌ఫారం జానెడు పెంచలేదు. మా చేతులు కట్టేశారు.

అక్క ఇప్పుడు ఇంట్లో మంచం మీద కూర్చుని పూలు కడుతుంది. గంప నేను తీసుకుపోతున్నాను. రేణిగుంటలో దిగేముందు, తిరుపతి బజారులో అమ్మే ఇంకొకామెకు దాన్ని పెట్టెలోనే అప్పజెప్పి పనికి పోతాను. “నా మూలలో ఎవురు కూర్చోనుండారే?” అని రోజూ అడుగుతుంది. ఎవరూ కూర్చోలేదని చెబుతాను.

గార్డు మళ్ళీ వచ్చిన మొదటి పొద్దు. బండి ఆగింది. మా గార్డే, గది లోంచి తల బయటకు పెట్టాడు. అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాడు. నేను గంప ఎక్కించి, వెనకాలే ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాను. బోర్డు ఎదురుగా ఉంది. ఆయన చూపు నన్ను దాటి కింద ఖాళీగా ఉన్న చోటికి పోయింది, అక్క నిలబడే చోటికి. జెండా సగం ఎత్తి అడిగాడు.

“రైటా తల్లీ?”

ఎవరూ అరవలేదు. చెయ్యి బయటకు చాపి, ఆ బోర్డును చూస్తూనే, పెట్టెను ఒకసారి తట్టాను.

ఒక్కటే.

ఆయనకు అర్థమైంది. ఎత్తిన జెండా దించేశాడు. బండి అట్లాగే నిలబడింది. ముందు నుంచి డ్రైవరు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు.

కొట్టుకోనీ అనుకున్నాను.